ఊర్మిక ఎనర్జీ, సేవ 4

సోమవారం, మొదటి షిఫ్టు

లేదు, ఆ కంపెనీ దగ్గర నేనేమీ కొనలేదు. నాయినమ్మ కొనలేదు, అక్క కొనలేదు. మా కార్డు బియ్యం డబ్బాలో ఉంటుంది. బియ్యం అయిపోతేనే అది బయటికి వస్తుంది.

అయినా ఈ నెల కార్డు లెక్క ఫోనుకు వచ్చినప్పుడు అడుగున కొత్త వరుస ఒకటి ఉంది. "ఊర్మిక ఎనర్జీ, సేవ 4." పక్కన కోసుకున్న డబ్బు. ఆ డబ్బుతో మేము సగం నెల తింటాం.

కరెంటు బుగ్గల కంపెనీ పేరు అది కాదు. నీళ్ల కంపెనీ పేరూ కాదు. సేవ అంటే ఏమిటో, ఆ నాలుగు ఏమిటో అర్థం కాలేదు. అక్కకు చూపించాను. ఆమె పిల్లవాడికి పాలిస్తూ ఫోను వైపు చూసి, నువ్వే ఏదో నొక్కి ఉంటావు అంది. నేను ఏమీ నొక్కలేదు. ఆ మాట గట్టిగా అనాలనుకున్నాను, ఫోను తీసుకుని బయటికి వచ్చేశాను.

నాకు మాట్లాడటం రాదు. ఎవరైనా పిలిస్తే కాలి వేళ్లు చూసుకుంటాను. రాయడానికి ఆ బాధ లేదు. అందుకే ఈ గని లైనులో రాస్తున్నాను. ఇక్కడ రాసింది అన్ని గల్లీల ఫోన్లకూ పోతుందంటారు, ఎవరూ చదవరని కూడా అంటారు. చదవకపోతే ఇంకా మంచిది. నా పేరు ఓదెలు, మాది ఐదో గల్లీ. బడికి రెండేళ్లు పోయాను. తర్వాత బడి ఉన్న గల్లీ పైకప్పు కూలింది. తప్పులుంటే ఏమనుకోవద్దు.

మంగళవారం, రెండో షిఫ్టు

గోడ నుంచి కారే నీళ్లు బొక్కెనలో పట్టి, బుగ్గల మీద దుమ్ము తుడిచాను. అది రోజూ నా పనే. ఇక్కడ ఎంత తుడిచినా బొగ్గు దుమ్ము మళ్లీ వచ్చి కూర్చుంటుంది. తాతల కాలంలో ఈ గనిలో బొగ్గు తవ్వి పైకి పంపేవాళ్లట. పైన ఎండ బతకనివ్వనప్పటి నుంచి మనుషులే కిందికి వచ్చారు.

మా గుమ్మానికి నాలుగు బుగ్గలు. నాయినమ్మది, అక్కది, నాది, బాపుది. మనిషికో బుగ్గ, మీ గల్లీలో కూడా అంతే కదా. బాపు పోయి ఏడాది దాటింది. పైన కరెంటు చేసే సూర్య పలకలు తుడిచే పనికి పోయి వడదెబ్బకు పడిపోయాడు. గనిలో నిప్పు పెట్టకూడదు కాబట్టి పోయినవాళ్లకు నూనె దీపం పెట్టలేం. వాళ్ల బుగ్గనే ఆర్పకుండా ఉంచుతాం. సంవత్సరీకం అయ్యాక ఆర్పాలంటారు. మా గల్లీలో ఎవరికీ చేతులు రావు. దుర్గయ్య కాక భార్యను కాకి అని పిలిచేవాళ్లం, ఆమె బుగ్గ ఆరేళ్లుగా వెలుగుతూనే ఉంది.

నాలుగు బుగ్గలు, సేవ నాలుగు. తుడుస్తుంటే తట్టింది.

దుర్గయ్య కాక ఫ్యాను ఖలాసీ. గల్లీలకు గాలి పంపే పెద్ద ఫ్యాను, గాలి తలుపులు ఆయనే చూస్తాడు. పక్క ఇల్లే కాబట్టి పోయి ఫోను చూపించాను. అడగాల్సింది ఫోనులోనే రాసి చూపించాను. ఆయనకు చదువు రాదు. నవ్వి, నోటితో చెప్పమన్నాడు. చెప్పేసరికి నా చెవులు కాలాయి.

ఆయన తల గోక్కున్నాడు. ఫ్యానును పాత కంపెనీ ఎవరికో అమ్మిందని చెప్పాడు. కొత్తవాళ్ల ముఖాలు ఎవరూ చూడలేదట. గాలి తలుపులకు ఏవో చిన్న పెట్టెలు బిగించి పోయారట. ఇన్నాళ్లూ గాలికి డబ్బు లేదు. ఇప్పుడు తలకింత అని పెట్టినట్టున్నారు, తలలను బుగ్గలతో లెక్కపెట్టినట్టున్నారు అన్నాడు. తర్వాత తన గుమ్మం వైపు చూశాడు. ఆయన కార్డులోనూ కోత ఉంది. కాకి పోయి ఆరేళ్లయినా ఆమె గాలికి డబ్బు కడుతున్నాడు.

గురువారం, మొదటి షిఫ్టు

కంపెనీకి రాశాను. వాళ్లకు నోటితో చెబితే పనికిరాదు, రాస్తేనే తీసుకుంటారు. నాకు అదే కావాలి. మా బాపు చనిపోయాడు, బుగ్గ మాత్రం వెలుగుతుంది, ఆ డబ్బు కోయకండి అని రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. "మీ ఇంట్లో ఊపిరి పీల్చేవారు ఎందరు? వారి పేర్లు తెలపండి."

నాయినమ్మ పేరు రాశాను, అక్క పేరు సుగుణ, నా పేరు. అక్క కొడుకు పేరు రాయబోయాను. వాడికి పేరే లేదు. పుట్టి వారమే అయింది. ఏం రాయాలని నాయినమ్మను అడిగాను.

"పేరు వెట్టని పోరన్ని లెక్కల చెప్తరారా? దిష్టి తాకుతది. ఇరవై ఒకటో దినం దాక వాడు మనోడు గాదు, దేవునోడు."

అందుకని ముగ్గురం అని రాశాను.

"ధన్యవాదాలు. మీ నాలుగో వాటా ఉపసంహరించబడింది. కోసిన మొత్తం తిరిగి జమ చేయబడింది."

చదువుతుండగానే గుమ్మం దగ్గర టిక్కుమంది. బాపు బుగ్గ ఆరిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు, కంపెనీవాళ్లే అక్కడి నుంచి ఆర్పినట్టున్నారు. నాయినమ్మ లేచి పోయి గాజు మీద చెయ్యి పెట్టింది. ఇంకా వేడిగా ఉందంది. చల్లారేదాకా అక్కడే నిలబడింది.

అక్క మాత్రం వచ్చిన డబ్బుతో పాలపొడి తెప్పించింది. బావ పైన పలకల పనిలో ఉన్నాడు, మూడు నెలలకోసారి గానీ దిగడు. పాలపొడి కొని చాలా రోజులైంది. అక్క నా తల నిమిరి, నీకు ఇంత తెలివి ఎక్కడిదిరా అంది. నాకు సిగ్గేసింది. బాగానే అనిపించింది కూడా.

శనివారం, మొదటి షిఫ్టు

గల్లీ అంతా మా ఇంటి ముందుకు వచ్చింది. డబ్బు తిరిగి వచ్చిందని కనకమ్మ అత్త అందరికీ చెప్పింది. ఆమె నీళ్ల కుళాయి దగ్గర ఒక మాట అంటే అది స్నానాలు అయ్యేలోపు గల్లీ చివరికి చేరుతుంది.

ఒక్కొక్కరే ఫోను ఇస్తున్నారు. నేను గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. ఎవరు చనిపోయారు, ఎవరు ఉన్నారు, పేర్లేమిటి. చెప్పింది చెప్పినట్టు రాశాను. తల ఎత్తాల్సిన పని లేదు కాబట్టి నాకు సుఖంగా ఉంది.

"మూతికి తాళమేసుకున్నోడనుకున్న. వీని వేళ్లు సూడుండ్రి, కోడి గింజలేరినట్టు ఏరుతున్నయ్" అంది కనకమ్మ అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతమంది మధ్యలో నేను ఇదివరకు ఎప్పుడు నవ్వానో నాకు గుర్తులేదు.

కనకమ్మ అత్త ఇంట్లో ఆమె, ఆమె అత్తగారు, ఆమె తమ్ముడు రాయమల్లు ఉంటారు. ఆమె మామగారు పోయాడు, బుగ్గ మాత్రం ఉంది. రాయమల్లు ఇంతకు ముందు ఉన్న గనిలోకి నీళ్లు వస్తే ఈత కొట్టుకుంటూ బయటపడి ఇక్కడికి వచ్చాడు. కార్డు లేదు, బుగ్గ లేదు. వాడి పేరు రాయనా అని అడిగాను. రాస్తే కార్డు ఏదంటారు, ఎందుకొచ్చిన గొడవ, ఇద్దరం అని రాయమంది కనకమ్మ అత్త. అలాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మునిగిన గని నుంచి వచ్చిన చుట్టాలు, కార్డు పోగొట్టుకున్నవాళ్లు, పేరు పెట్టని పిల్లలు. ఎవరినీ రాయలేదు. ఎవరూ రాయమనలేదు.

దుర్గయ్య కాక అందరికంటే చివర వచ్చాడు. ఫోను ఇచ్చి మళ్లీ తీసుకున్నాడు. మళ్లీ ఇచ్చాడు. రాశాను.

రాసిన కొద్దీ గల్లీలో టిక్కుటిక్కుమని బుగ్గలు ఆరుతూ పోయాయి. పని అయ్యాక తల ఎత్తి చూస్తే మా గల్లీ నాకు కొత్తగా కనిపించింది. ఇంత చీకటి ఎప్పుడూ లేదు.

మంగళవారం, రెండో షిఫ్టు

అందరికీ ఆవలింతలు. నీళ్ల బొక్కెన మోసుకొస్తూ రెండుసార్లు కూర్చున్నాను. నాయినమ్మకు తలనొప్పి, వాతావరణం మారిందంటుంది. గనిలో వాతావరణం ఎక్కడిది?

కనకమ్మ అత్త కుళాయి దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. నీళ్లు పట్టుకుని పోయింది.

పిల్లవాడు ఏడవడం తగ్గించాడు. బుద్ధిమంతుడయ్యాడని అక్క మురిసిపోతోంది.

బుధవారం, మొదటి షిఫ్టు

పిల్లవాడు పాలు తాగుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. ఆగి నిద్రపోతాడు. అరికాలు గిల్లితే కళ్లు తెరిచి, రెండు గుక్కలు తాగి, మళ్లీ ఆగుతాడు. పెదవుల చుట్టూ రంగు బాగాలేదు. దుమ్మేమోనని అక్క తడిగుడ్డతో తుడిచింది. దుమ్ము కాదు.

ఇప్పుడు ఆమె మురిసిపోవడం లేదు.

గురువారం, రెండో షిఫ్టు

దుర్గయ్య కాక షిఫ్టు దిగి ఇంటికి పోకుండా మా గడపలో కూర్చున్నాడు. టోపీ తీయలేదు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"మన గల్లీ గాలి తలుపు సగం మూసిన బిడ్డా. ఆర్డరొచ్చింది. నా చేతులతోనే మూసిన."

నేను తెరవమన్నాను. నా నోటి నుంచి అంత గట్టిగా మాట వచ్చినందుకు అక్క కూడా తిరిగి చూసింది.

"తెరువంగనే తెల్సిపోతది బిడ్డా. ఆ పెట్టెకు కన్నున్నది. నన్ను దీసేసి ఇంకొకన్ని వెడ్తరు. ఆడొచ్చి మల్ల మూస్తడు."

అప్పుడు అర్థమైంది. బుగ్గకు ఒక మనిషి గాలి. ఆరేళ్లుగా కాకి పీల్చని గాలిని ఎవరో పీలుస్తున్నారు. బాపు గాలిని అక్క కొడుకు పీలుస్తున్నాడు, కనకమ్మ అత్త ఇంట్లో పోయిన ఆమె మామగారి గాలిని రాయమల్లు పీలుస్తున్నాడు. చనిపోయినవాళ్ల వాటా మీద మా గల్లీలో సగం మంది బతుకుతున్నారు. వాళ్ల వాటా అక్కర్లేదని నేనే రాశాను. ఒక్కో ఇంటికీ, ఒక్కో పేరూ, తప్పు లేకుండా.

కంపెనీకి రాశాను. పొరపాటు జరిగింది, మా బాపు వాటా మళ్లీ ఇవ్వండి, డబ్బు కోసుకోండి.

"మరణించిన వారి పేరున వాటా ఇవ్వబడదు."

శుక్రవారం, మొదటి షిఫ్టు

పిల్లవాడికి ఈ రోజే పేరు పెట్టాలని నాయినమ్మకు చెప్పాను. దినాలు నిండలేదంది. అక్క లేచింది. పిల్లవాడిని తీసుకొచ్చి నాయినమ్మ ఒడిలో పెట్టింది. నాయినమ్మ కాసేపు వాడి ముఖంలోకి చూసి, చీర తెమ్మంది.

పాత చీరతో తొట్టెల కట్టాం. పసుపు లేదు, చుట్టాలు లేరు. బాపు పేరే పెడతానని నాయినమ్మ ముందు నుంచీ అనుకుంది. వాడి చెవిలో పోశం, పోశం, పోశం అని మూడుసార్లు చెప్పింది. నేను రాశాను.

"పోశం అనే పేరు మీ ఇంట రద్దు చేయబడింది. వేరే పేరు తెలపండి."

ఇది ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. చదివి వినిపించాను. ఆమె కోపం చేయలేదు. మళ్లీ వంగి వేరే పేరు చెప్పింది. భూమయ్య. ఈసారి ఒక్కసారే చెప్పింది.

రాశాను. వచ్చిన జవాబు మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

"భూమయ్య పేరు నమోదైంది. మీ గల్లీ వదులుకున్న వాటాలు ఏడో గల్లీకి కేటాయించబడినందున కొత్త వాటా ప్రస్తుతం లేదు. మీ ఇంట వాటాలు మూడు, మనుషులు నలుగురు. పైకి వెళ్లే ఒకరి పేరు రేపు మొదటి షిఫ్టు ముగిసేలోగా తెలపండి. తెలపని పక్షంలో చివరిగా నమోదైన పేరు ఎంచుకోబడుతుంది."

చివరిగా నమోదైన పేరు భూమయ్య.

అక్క ఇంకొకసారి చదవమంది. చదివాను. ఇంకొకసారి చదవమంది.

శుక్రవారం, రెండో షిఫ్టు

మిగిలిన ఇళ్లకూ వచ్చింది. పేరు లేని వాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారో గాలి తలుపు పెట్టెకు తెలిసిపోయిందట. ఎంత గాలి పోతోంది, ఎంత తిరిగి వస్తోంది అని చూస్తుందట. ప్రతి ఇంటికీ అదే మాట, పైకి వెళ్లే వారి పేరు తెలపండి.

మళ్లీ మా ఇంటి ముందుకే వచ్చారు. రాయగలిగేది నేనే. నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండు. ఒకరి వెనక ఒకరు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ముందుకు రావడం లేదు. పైన ఇప్పుడు ఎండాకాలం. పలకల కింద నీడలో కూడా ముసలివాళ్లు రెండు రోజులు బతకరు.

ముందు రాయమల్లు వచ్చాడు. ఫోను తేలేదు, సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"నాకు కార్డే లేకపాయె. నా పేరు రాసుడు గూడ నీకు దండుగ" అన్నాడు. "ఒక గనిల నీళ్లు తాగిన, ఇంకో గనిల గాలి తాగిన. ఇగ ఎండ గూడ జూసొస్త."

కనకమ్మ అత్త వాడి సంచి పట్టుకుంది. వాడు ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడిపించాడు. మెట్ల దారి వైపు పోయాడు. చాలాసేపు వాడి అడుగులు వినిపించాయి. అత్త ఇంటికి నిజంగానే ఇంకో సందేశం రాలేదు. లెక్క సరిపోయింది.

తర్వాత మూల ఇంటి ఆయన వచ్చాడు. ఫోను నా చేతిలో పెట్టి, వాళ్ల అమ్మ పేరు చెప్పాడు. ఆమె ఆయన పక్కనే ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె అవునన్నట్టు తల ఊపింది. నేను ఫోను తిరిగి ఇవ్వబోయాను. ఆయనే నా చెయ్యి మీద చెయ్యి వేసి రాయించాడు.

ఇంకెవరికీ రాయలేదు. ఫోను ఆయనకే ఇచ్చేసి లోపలికి వచ్చేశాను. బయట ఇంకా నిలబడే ఉన్నారు.

శనివారం, మొదటి షిఫ్టు

నాయినమ్మ స్నానం చేసి బాపు తలపాగా తెచ్చుకుంది, పైన ఎండకు పనికొస్తుందని. నా ముందు కూర్చుంది.

"నా పేరు రాయి. నాకు ఎండ కొత్తగాదు. నేను పుట్టింది ఎండలనే."

అక్క తన పేరు రాయమంటోంది. ఆమె పోతే పిల్లవాడికి పాలు ఎవరిస్తారు? ఆ మాట ఆమెకూ తెలుసు. తెలిసే అంటోంది, ఇంకేమనాలో తెలియక.

ఇద్దరూ చూడకుండా నా పేరు రాసి పెట్టుకున్నాను. పంపలేదు. బొటనవేలు దాని మీదే ఉంది. నాకు చాలా భయంగా ఉంది. ఈ మాట నోటితో ఎవరికీ చెప్పలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

భూమయ్య నా కాళ్ల మీద పడుకుని ఉన్నాడు. ఊపిరి తీస్తాడు, ఆగుతాడు, నేను లోపల లెక్కపెట్టుకుంటాను, మళ్లీ తీస్తాడు.

దుర్గయ్య కాకను ఒకటి అడిగాను. ఇచ్చిన వాటాలు వెనక్కి రావా అని. తీసుకున్న గల్లీవాళ్లు వద్దని రాస్తే వస్తాయట. మా తలుపు మూసినప్పుడే ఏడో గల్లీ తలుపు ఇంకాస్త తెరిచాడట. ఏడో గల్లీవాళ్లూ, మీరు ఈ లైను చూస్తారో లేదో నాకు తెలియదు. ఈ నెల మీ కార్డు లెక్కలో అడుగున ఊర్మిక ఎనర్జీ అని కొత్త వరుస వచ్చి ఉంటుంది. మీరు అడగని సేవ, మీకు తెలియని కోత. ఎవరిదా అని మీరూ తల గోక్కుని ఉంటారు. అది మాది. కాకిది, బాపుది, అందరిదీ.

మీ ఇళ్లలోనూ పేరు పెట్టని పిల్లలు ఉంటారని నాకు తెలుసు. ఇన్నాళ్లూ వాళ్లు ఎలా ఊపిరి తీసుకున్నారో కూడా ఇప్పుడు తెలుసు. అందుకే ఇచ్చేయండి అని రాయలేకపోతున్నాను. మూడుసార్లు రాసి కొట్టేశాను.

షిఫ్టు అయిపోవస్తోంది. బొటనవేలు తీయలేదు. పంపే ముందు ఒక్కటి అడుగుతాను, ఎవరైనా జవాబు రాయండి.

ఈ వారం మీ గల్లీలో గాలి బాగుందా?